ప్లాస్మా తాగని మైక్రోవేవ్ ఎటు పోతుంది?

మైక్రోవేవ్ ఓవెన్‌ను ఖాళీగా తిప్పొద్దని దాంతో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. శక్తిని తాగడానికి లోపల గిన్నెడు నీళ్లో అన్నమో ఉండాలి. ఏమీ లేకపోతే తరంగాలు గోడలకు కొట్టుకుని, తిరిగి తిరిగి, చివరకు పుట్టిన చోటికే వచ్చి మాగ్నెట్రాన్‌ను వేడెక్కిస్తాయి. అది ఎనిమిది వందల వాట్ల పెట్టె సంగతి. తేలిక కేంద్రకాలను కలిపి శక్తి తీయాలని చూసే ఫ్యూజన్ యంత్రాల దగ్గర మైక్రోవేవ్ పుట్టించే ఒక్కో గొట్టం పది లక్షల వాట్లు కక్కుతుంది, అలాంటివి పదో ఇరవయ్యో ఉంటాయి. వాటన్నిటినీ గురిపెట్టేది పెద్ద గదంత చోటు నిండా పరుచుకున్నా కొన్ని మిల్లీగ్రాములే తూగే ప్లాస్మా మీదికి, అంటే ఎలక్ట్రాన్లు విడిపోయేంత వేడెక్కిన వాయువు మీదికి.

ఈ పద్ధతి పూర్తి పేరు ఎలక్ట్రాన్ సైక్లోట్రాన్ రెజొనెన్స్ హీటింగ్. పని చేసేవాళ్లు ఈసీఆర్‌హెచ్ అంటారు. కొత్తగా చూసేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, అంత మైక్రోవేవ్ శక్తిని ఎలా పుట్టిస్తారని. దానికి జవాబు దొరికి చాలా ఏళ్లయింది. కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్లను వదలని ప్రశ్న ఇంకొకటి ఉంది: ప్లాస్మా తాగని వాటా ఎక్కడ దిగింది? గొట్టం దగ్గర నుంచి గోడ పలక దాకా ఈ వ్యవస్థలో ప్రతి భాగాన్నీ ఆ ప్రశ్న పట్టుకునే చూస్తే బాగా అర్థమవుతుంది.

ఉదాహరణకు జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థ నడిపే వెండెల్‌స్టైన్ 7-ఎక్స్‌ను తీసుకుందాం. ఇది స్టెల్లరేటర్. ప్లాస్మాను పట్టి ఉంచే మెలికల క్షేత్రం మొత్తం బయటి కాయిల్స్ నుంచే వస్తుంది కాబట్టి, టోకమాక్ అనే మరో రకం ఫ్యూజన్ యంత్రంలో లాగా ప్లాస్మాలో పెద్ద కరెంటు పారించి దాంతోనే మొదటి వేడి పుట్టించే వీలు లేదు. వాయువును వెలిగించడం, వేడెక్కించడం, నిమిషాల తరబడి అలాగే నిలపడం, ఈ మూడింటికీ ఇక్కడ ప్రధాన ఆధారం మైక్రోవేవ్‌లే. 2015 డిసెంబర్ 10న మొదటి హీలియం ప్లాస్మా వెలిగింది వాటితోనే. 2023 ఫిబ్రవరిలో ఎనిమిది నిమిషాల పాటు మొత్తం 1.3 గిగాజౌల్స్ శక్తిని లోపలికి పంపింది కూడా వాటితోనే.

28 అనే అంకె

ఈ రంగంలో గుర్తుంచుకోవాల్సిన అంకె ఒక్కటే. ఒక టెస్లా అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ సెకనుకు 28 వందల కోట్ల సార్లు తిరుగుతుంది, అంటే 28 గిగాహెర్ట్జ్. క్షేత్రం రెట్టింపైతే ఇదీ రెట్టింపవుతుంది. అదే వేగంతో తిరిగే విద్యుత్ క్షేత్రాన్ని తరంగంగా పంపితే, ఊయలను సరైన క్షణంలో తోసినట్టు, ప్రతి చుట్టుకూ ఎలక్ట్రాన్‌కు శక్తి చేరుతుంది. ఇంటి ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ నీటి అణువు అనునాద పౌనఃపున్యం అని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు, అక్కడ అనునాదమేమీ లేదు. ఇక్కడ మాత్రం అనునాదమే అసలు సంగతి. యంత్రంలో చోటు చోటుకూ క్షేత్రం మారుతుంది కాబట్టి ఒక పౌనఃపున్యానికి ఒకే ఒక సన్నటి పొర స్పందిస్తుంది. కిరణం దారి పొడవునా ఎక్కడా శక్తి పోగొట్టుకోకుండా వచ్చి ఆ పొరలో దిగుతుంది. వేరే ఏ తాపన పద్ధతికీ ఇంత సూటి గురి లేదు.

వెండెల్‌స్టైన్ క్షేత్రం 2.5 టెస్లాలు. లెక్క ప్రకారం 70 గిగాహెర్ట్జ్ చాలాలి. కానీ అక్కడ వాడేది దానికి రెట్టింపు, 140, అంటే రెండో హార్మోనిక్. కారణం సాంద్రత. ప్లాస్మాలో ఎలక్ట్రాన్ల సాంద్రత ఒక హద్దు దాటితే తరంగం లోపలికి పోలేదు, అద్దం మీద వెలుతురులా వెనక్కి తిరుగుతుంది. దీన్నే కటాఫ్ అంటారు. 70 గిగాహెర్ట్జ్ ‘ఓ’ (O) మోడ్ తరంగానికి ఆ హద్దు ఘనపు మీటరుకు సుమారు 0.6×10²⁰ ఎలక్ట్రాన్లు. 140 గిగాహెర్ట్జ్ ఎక్స్ మోడ్‌కు 1.2×10²⁰. అదే 140లో ఓ మోడ్‌కైతే 2.4×10²⁰. ఓ మోడ్ అంటే తరంగపు విద్యుత్ క్షేత్రం అయస్కాంత క్షేత్రానికి సమాంతరంగా ఊగేది, ఎక్స్ మోడ్ అంటే అడ్డంగా ఊగేది. మొదటి హార్మోనిక్‌లోనే ఎక్స్ మోడ్ వాడొచ్చు కదా అంటే, దాన్ని బలమైన క్షేత్రం ఉన్న లోపలి వైపు నుంచే పంపాలి. అక్కడ యాంటెన్నా పెట్టే చోటు దాదాపుగా ఉండదు.

గైరోట్రాన్

ఈ మైక్రోవేవ్‌లను పుట్టించే గొట్టమే గైరోట్రాన్. దాని పుట్టిల్లు సోవియట్ గోర్కీ, ఇప్పటి నిజ్నీ నొవ్‌గొరద్, సంవత్సరం 1964. సూత్రం ప్లాస్మాలో జరిగేదానికి తిరగేసినది: అక్కడ తరంగం ఎలక్ట్రాన్లకు శక్తి ఇస్తుంది, ఇక్కడ తిరిగే ఎలక్ట్రాన్లు తరంగానికి ఇస్తాయి. వెండెల్‌స్టైన్‌లో పది గైరోట్రాన్లతో మొదలుపెట్టారు. ఒక్కోటి ఒక మెగావాట్ తరహా, అర గంట అంటే 1,800 సెకన్లు నిలకడగా నడిచేలా రూపొందించినవి.

సుమారు 81 కిలోవోల్టుల దగ్గర 40 ఆంపియర్ల ఎలక్ట్రాన్ పుంజాన్ని, బోలుగా చేతి గాజులా, రాగి కుహరంలోకి పంపుతారు. 140ని 28తో భాగిస్తే 5 టెస్లాలు వస్తుంది. అయినా గైరోట్రాన్ అయస్కాంతాన్ని 5.5 టెస్లాలకు పైన పెట్టాలి. 81 కిలోవోల్టుల ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి సాపేక్షత వల్ల 16 శాతం పెరుగుతుంది, ఆ మేరకు నెమ్మదిగా తిరుగుతుంది, దాన్ని క్షేత్రంతో పూడ్చాలి. సాపేక్షత లేకపోతే గైరోట్రానే లేదు. ఎక్కువ శక్తి ఉన్నవి కాస్త వెనకబడి, తక్కువ ఉన్నవి ముందుకు జరిగి గుంపు కట్టడం వల్లే పుంజం తరంగానికి శక్తి ఇవ్వగలుగుతుంది.

శక్తి లెక్క వేద్దాం. 81 కిలోవోల్టులు, 40 ఆంపియర్లు, అంటే 3.24 మెగావాట్లు. బయటికి వచ్చేది ఒకటి. సామర్థ్యం 31 శాతం. మిగతా రెండుంబావు మెగావాట్లు వాడేసిన పుంజంలోనే ఉండి కలెక్టర్ రాగి గోడకు తగలాలి. అందుకే కలెక్టర్‌ను వ్యతిరేక వోల్టేజ్ మీద ఉంచి, పుంజం గోడ తాకే లోపే దాన్ని నెమ్మదింపజేస్తారు. అలా 27 కిలోవోల్టుల మేర వెనక్కి రాబడితే ప్రధాన సరఫరా ఇవ్వాల్సింది 54 కిలోవోల్టులే. అదే ఒక మెగావాట్‌కు 2.16 మెగావాట్లు చాలు, సామర్థ్యం 46 శాతానికి చేరుతుంది. అప్పటికీ ఒక మెగావాట్ పైచిలుకు కలెక్టర్ మీదే పడుతుంది. ఒకే చోట పడితే రాగి నిలవదు. మారే అయస్కాంత క్షేత్రంతో పుంజం పాదాన్ని గోడ మీద పైకీ కిందికీ ఊపుతూ ఉండాలి. ఈ ఊపుడు కాయిల్ కరెంట్ ఆగిపోతే గైరోట్రాన్‌ను వెంటనే ఆపేయాలి. ప్రమాదం కనబడగానే తానే ఆపేసే ఏర్పాట్ల, అంటే ఇంటర్‌లాక్‌ల, జాబితాలో నన్ను పెట్టమంటే మొదటి వరుసలో పెట్టేది దీన్నే.

కుహరంలో తరంగం ఆకారం, అంటే మోడ్, టీఈ 28,8. కుహరం అర్ధవ్యాసం ఇరవై మిల్లీమీటర్లు దాటి కాస్త. అంత పెద్ద కుహరంలో, అంత చిన్న తరంగదైర్ఘ్యంతో పక్కపక్కనే ఎన్నో మోడ్‌లు కాచుకుని కూర్చుంటాయి. బీమ్ కరెంట్ జారినా, వోల్టేజ్ ఊగినా, గైరోట్రాన్ పక్క మోడ్‌లోకి దూకుతుంది. పౌనఃపున్యం కొన్ని గిగాహెర్ట్జ్ పక్కకు పోతుంది. దానికన్నా పెద్ద చిక్కు లోపల ఉంది: గొట్టంలోని లాంచర్, అద్దాలు 28,8 మోడ్‌ను మాత్రమే చక్కటి గాసియన్ కిరణంగా, అంటే నడుమ బలంగా ఉండి అంచులకు మెల్లగా పలచబడే కిరణంగా మలచగలవు. వేరే మోడ్‌లోని శక్తి బయటికి దారి దొరక్క గొట్టంలోనే చెదిరిపోతుంది, ఖాళీ ఓవెన్ కథ మళ్లీ. బయటి పవర్ మీటర్ పడిపోయినా బీమ్ కరెంట్ మామూలుగానే ఉందంటే మోడ్ పోయిందని అర్థం. కొన్ని మిల్లీసెకన్లలో వోల్టేజ్ తీసేసి మళ్లీ ఎక్కించడమే మందు.

పల్స్ మొదలైన మొదటి సెకనులోపు పౌనఃపున్యం తానే కొన్ని వందల మెగాహెర్ట్జ్ దిగుతుంది. ఇది తప్పు కాదు. గోడ మీద చదరపు సెంటీమీటరుకు కిలోవాట్లలో వేడి పడుతుంది, రాగి వ్యాకోచిస్తుంది. అర్ధవ్యాసం 30 మైక్రాన్లు, అంటే సగం వెంట్రుక మందం పెరిగితే 140లో సుమారు 200 మెగాహెర్ట్జ్ తగ్గుతుంది. తొలి పల్స్‌లో కొలిచిన పౌనఃపున్యానికి ఫిల్టర్ కట్టి, తర్వాత అది ఎందుకు ఆపడం లేదని తల పట్టుకునేది ఇక్కడే.

శక్తి బయటికి వచ్చే కిటికీ వజ్రం. నగల వజ్రం కాదు, వాయువు నుంచి పొరలు పొరలుగా పెంచిన కృత్రిమ వజ్రపు బిళ్ల. వ్యాసం సుమారు 10 సెంటీమీటర్లు, మందం 1.8 మిల్లీమీటర్లు. ఆ 1.8 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 140 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం గాలిలో 2.14 మిల్లీమీటర్లు. వజ్రం వక్రీభవన గుణకం 2.38 కాబట్టి వజ్రంలో 0.9. అందులో సగం 0.45. కిటికీ మందం ఈ సగానికి సరిగ్గా పూర్ణాంక రెట్లు ఉంటేనే ముందు ముఖం నుంచి, వెనక ముఖం నుంచి తిరిగొచ్చే తరంగాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. నాలుగు సగాలు, 1.8. ఫ్రాన్స్‌లో కడుతున్న అంతర్జాతీయ టోకమాక్ ఐటర్ వాడే 170 గిగాహెర్ట్జ్‌కు ఐదు సగాలు వేస్తారు, 1.85 వస్తుంది. మందం తప్పితే కొంత శక్తి గొట్టంలోకే వెనుదిరిగి గైరోట్రాన్‌ను కుదిపేస్తుంది. వజ్రమే ఎందుకంటే అది తాగేది మెగావాట్‌కు కొన్ని వందల వాట్లే, ఆ కాస్త వేడినీ రాగికన్నా నాలుగైదు రెట్లు వేగంగా అంచులకు లాగేస్తుంది. నీళ్లు అంచున పారితే చాలు.

కొత్త గొట్టాన్ని గానీ, నెలల తరబడి ఆపి ఉంచినదాన్ని గానీ ఒక్కసారి పూర్తి పల్స్‌కు ఎక్కించకూడదు. ప్లాస్మా బదులు శక్తిని నీళ్లకు తాగించే డమ్మీ లోడ్‌లోకి మొదట ఒక మిల్లీసెకను, తర్వాత పది, వంద, సెకను. ప్రతి మెట్టు దగ్గరా, గొట్టంలో వాయువు ఎంతుందో చెప్పే అయాన్ పంపు కరెంట్ చూడాలి. లోపలి లోహం వేడెక్కి తనలో దాచుకున్న వాయువును వదులుతుంది. ఆ కరెంట్ ప్రతి పల్స్‌కూ కొంచెం తగ్గుతూ ఉంటేనే తర్వాతి మెట్టు. తొందరపడితే లోపల ఆర్క్, అంటే మెరుపులాంటి విద్యుత్ ఉత్సర్గం, వస్తుంది. ఆర్క్ వచ్చిన గొట్టంలోకి సరఫరా నుంచి పది జౌల్స్ కన్నా ఎక్కువ పోకూడదనేది వాడుకలో ఉన్న హద్దు, అందుకు మైక్రోసెకన్లలో వోల్టేజ్ కొయ్యాలి. ఇది కాగితం మీద నమ్మేది కాదు. గొట్టం బదులు సన్నటి రాగి తీగ కట్టి, కావాలనే షార్ట్ చేసి, తీగ తెగకుండా మిగిలిందా అని చూస్తారు. తెగిందంటే సరఫరా ఇంకా సిద్ధంగా లేదు.

ఇచ్చిన శక్తి ఎంతో చివరకు తేల్చేది నీళ్లే. డమ్మీ లోడ్‌లో సెకనుకు 10 లీటర్ల నీళ్లు 24 డిగ్రీలు వేడెక్కితే ఒక మెగావాట్. డయోడ్ మీటర్లు వేగంగా చూపిస్తాయి గానీ, అంకె మీద తగవు వస్తే నీళ్ల థర్మామీటర్ మాటే చెల్లుతుంది.

యాభై మీటర్ల దారి

గైరోట్రాన్ హాలు నుంచి యంత్రానికి శక్తిని మోసే దారులు రెండు. వెండెల్‌స్టైన్‌ది అద్దాల దారి: భూమి కింద సొరంగంలో నీటితో చల్లబరిచే లోహపు అద్దాల మీద కిరణాలు ఒకదాని నుంచి ఒకదానికి దూకుతూ పోతాయి, చాలా దూరం పలు కిరణాలు ఒకే పెద్ద అద్దాన్ని పంచుకుంటాయి. వాక్యూమ్ అక్కర్లేదు, మామూలు గాలే. అయితే ఆ గాలి పొడిగా ఉండాలి. ఆక్సిజన్‌కు 119 దగ్గర, నీటి ఆవిరికి 183 గిగాహెర్ట్జ్ దగ్గర పీల్చే గీతలున్నాయి. 140 ఆ రెండింటి నడుమ సందులో దూరి పోతుంది గానీ, మెగావాట్ స్థాయిలో తేమ చేసే చిన్న నష్టం కూడా లెక్కలోకి వస్తుంది.

రెండోది వాక్యూమ్ వేవ్‌గైడ్. లోపలి గోడకు తరంగదైర్ఘ్యంలో పావు వంతు లోతున గాళ్లు చెక్కిన గొట్టం. ఐటర్, అమెరికాలోని డీఐఐఐ-డీ టోకమాక్ ఈ దారి పట్టాయి. నేరుగా పోయినంతసేపు నష్టం దాదాపు ఉండదు. నష్టమంతా మూలల్లో, అంతకన్నా ఎక్కువగా కిరణాన్ని గొట్టంలోకి దింపే మూతి దగ్గర. 63.5 మిల్లీమీటర్ల వ్యాసం గొట్టం, 170 గిగాహెర్ట్జ్ అనుకుందాం. కిరణం మధ్య నుంచి 2 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే పోయేది ఒక శాతం. అదే అర డిగ్రీ వంగితే దాదాపు పది శాతం. అంటే స్థానం కన్నా కోణం చాలా పెంకిది. మూతి దగ్గర అలైన్‌మెంట్ చేసేటప్పుడు మధ్య బిందువును కాగితం మీద పట్టుకుని సంతోషపడేవాళ్లు ఎక్కువ. రెండు దూరాల్లో పెట్టిన టార్గెట్ల మీద థర్మల్ కెమెరాతో చుక్క చూసి, రెండు చుక్కల మధ్య గీత గీస్తేనే కోణం తెలుస్తుంది. ఆ పది శాతం మాయమైపోదు. తప్పుడు మోడ్‌లుగా మారి గొట్టం వెంట పోయి ఏదో ఒక మూలలో దుమ్ము దగ్గరో, చిన్న గీత దగ్గరో ఆర్క్ అంటిస్తుంది. ఆర్క్ పుట్టాక గైరోట్రాన్ వైపు పాకుతుంది, ఎందుకంటే శక్తి వచ్చేది అటు నుంచే. అందుకే ప్రతి మూలలో ఆప్టికల్ ఫైబర్ పెట్టి వెలుతురు కనబడగానే మైక్రోసెకన్లలో ఆపేస్తారు.

దారిలోనే రెండు గాళ్ల అద్దాలు ఉంటాయి, పోలరైజర్లు. ఒకటి విద్యుత్ క్షేత్రపు దిశను తిప్పుతుంది, ఇంకొకటి దాన్ని దీర్ఘవృత్తంగా మారుస్తుంది. రెండింటినీ సరైన కోణాలకు తిప్పితేనే ప్లాస్మా అంచు దగ్గర స్వచ్ఛమైన ఎక్స్ గానీ ఓ గానీ దొరుకుతుంది. క్షేత్రానికి నిలువుగా పంపే కిరణంలో 10 డిగ్రీల పొరపాటుకు తప్పుడు మోడ్‌లోకి పోయేది 3 శాతం, మెగావాట్‌కు 30 కిలోవాట్లు. 45 డిగ్రీలైతే సగానికి సగం. పోలరైజర్ కోణాల పట్టికలో గుర్తు తారుమారైతే, ప్లస్ బదులు మైనస్ పడితే, ఎలక్ట్రానిక్స్ అంతా పచ్చ దీపాలే చూపిస్తుంది. ప్లాస్మా మాత్రం వేడెక్కదు, ఎదుటి గోడ వేడెక్కుతుంది.

వెలిగే దాకా

మొదటి పది మిల్లీసెకన్ల తరహా సమయం అన్నిటికన్నా ప్రమాదకరం. వాయువు ఇంకా వాయువే, ప్లాస్మా కాలేదు, పీల్చుకునేది దాదాపు సున్నా. మెగావాట్ల శక్తి పాత్ర గోడల మధ్య బంతిలా ఎగురుతుంది. దారితప్పిన ఏ కొద్ది ఎలక్ట్రాన్లో తరంగంతో కలిసి ఊగి, అణువులను గుద్ది, కొత్త ఎలక్ట్రాన్లను పుట్టించి, అది గొలుసై వాయువంతా వెలగాలి. వాయువు మరీ ఎక్కువ నింపితే ఎలక్ట్రాన్లు శక్తి కూడగట్టుకునే లోపే గుద్దుకుంటాయి, మరీ తక్కువైతే గుద్దడానికే ఎవరూ ఉండరు. రెండో హార్మోనిక్‌లో చల్లటి ఎలక్ట్రాన్లకు తరంగం పట్టు అంతంతమాత్రమే కాబట్టి ఈ కిటికీ ఇంకా ఇరుకు. నిర్ణీత సమయంలో వెలగకపోతే గైరోట్రాన్లన్నీ ఆగిపోవాలి. అక్కడ మరో రెండు మిల్లీసెకన్లు చూద్దామనే ఆశకు చోటు ఉండకూడదు.

వెలిగాక ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్ (కోటి డిగ్రీల పైచిలుకు) దాటితే ఎక్స్2 కిరణం, అంటే రెండో హార్మోనిక్‌లోని ఎక్స్ మోడ్, ఒక్క దాటుడులోనే దాదాపు పూర్తిగా తాగబడుతుంది. ఇదే ఈసీఆర్‌హెచ్‌కు బంగారు కాలం. కానీ ఫ్యూజన్‌కు సాంద్రత కావాలి, సాంద్రత పెంచుకుంటూ పోతే 1.2×10²⁰ హద్దు ఎదురవుతుంది. హద్దు తాకక ముందే కిరణం వంగడం మొదలుపెడుతుంది, గురి తప్పుతుంది. ఇక్కడ చేసేది పోలరైజర్లు తిప్పి ఓ2కు, అంటే రెండో హార్మోనిక్‌లోనే ఓ మోడ్‌కు, మారడం. హద్దు రెట్టింపవుతుంది, కానీ పీల్చుడు బలహీనం. వెండెల్‌స్టైన్‌లో దీనికి పరిష్కారం లోపలి గోడ మీద కిరణాలు తగిలే చోట మాలిబ్డినం మిశ్రమంతో చేసిన ప్రతిఫలక పలకలు. మొదటి దాటుడులో మిగిలింది పలక మీద పడి, మళ్లీ ప్లాస్మా నడుమకే తిరిగి, ఎదుటి అద్దం తాకి మూడోసారి పోతుంది. ఒక్కో దాటుడుకు 70 శాతం తాగిందనుకుంటే మొదటిసారికి 30 శాతం మిగులుతుంది, రెండోసారికి 9, మూడోసారికి 3 కన్నా తక్కువ. చదవడానికి చిన్న అంకెలే. ఐదు మెగావాట్లలో 2.7 శాతం అంటే 135 కిలోవాట్లు, ఎప్పుడూ ఆగకుండా, పాత్ర మూలమూలకూ. వరసలో ఇంకో షరతు ఉంది: ఓ2 పీల్చుడు ఉష్ణోగ్రతతో బాగా మారుతుంది. ఏదో మలినం పడి ప్లాస్మా కాస్త చల్లబడితే పీల్చుడు తగ్గుతుంది, తగ్గితే ఇంకా చల్లబడుతుంది. ఒకసారి జారడం మొదలైతే మిల్లీసెకన్ల లెక్కలో ఖాళీ ఓవెన్ అయిపోతుంది.

చెదిరిన శక్తి చేసే పనులు

ఇంటి ఓవెన్ తలుపు జాలీ చిల్లులు మిల్లీమీటరుకు అటూ ఇటూ. 12 సెంటీమీటర్ల తరంగాన్ని అది సునాయాసంగా ఆపుతుంది. 2 మిల్లీమీటర్ల తరంగాన్ని ఆపడానికి అదే జాలీని నమ్మలేం. ఫ్యూజన్ పాత్రకు ఉండే క్వార్ట్జ్ గాజు కిటికీలు కూడా అంతే, కాంతికి లాగే ఈ తరంగానికీ చాలావరకు పారదర్శకం. కెమెరా పెట్టిన ప్రతి కిటికీకీ అతి సన్నటి జాలీ గానీ, విద్యుత్ ప్రసారం చేసే పారదర్శక పూత గానీ వేయాలి. లోపల పింగాణీ ఇన్సులేటర్లు, టెఫ్లాన్ తీగలు, బెలోస్ వెనక సందులు, రబ్బరు సీళ్లు ఇవన్నీ వేటికవే తాగుతాయి. ప్లాస్మాకు ఎదురుగా లేని భాగం కాబట్టి దానికి శీతలీకరణ అక్కర్లేదని డిజైనర్ అనుకుంటాడు. చెదిరిన మైక్రోవేవ్‌కు ఎదురు, వెనక అన్న తేడా లేదు, సందు దొరికితే చాలు. గ్రైఫ్స్‌వాల్డ్‌లో ఇందుకోసమే మిస్ట్రల్ అనే పరీక్షా గది ఉంది. పాత్రలోకి పోబోయే భాగాలను అందులో పెట్టి 140 గిగాహెర్ట్జ్‌లో ముంచి చూస్తారు.

క్రయోపంపు ఉన్నచోట ఇంకో గండం. అతి చల్లటి పలకల మీద గడ్డకట్టించి పట్టిన వాయువును చెదిరిన శక్తి వేడి చేస్తే, పట్టినదంతా ఒక్కసారిగా పాత్రలోకి వదిలేస్తుంది. ప్లాస్మా ఆరిపోతుంది, ఆరిపోతే పీల్చుడు ఉండదు, పీల్చుడు లేకపోతే చెదిరేది ఇంకా పెరుగుతుంది.

కొలిచే పరికరాలకూ బాధే. ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రతను కొలిచే రేడియోమీటర్ అవి వెలువరించే సైక్లోట్రాన్ తరంగాలనే వింటుంది, అది కూడా ఇదే పౌనఃపున్యాల చుట్టూ. అది వినేది నానోవాట్లు, పక్కనే అరుస్తున్నవి మెగావాట్లు. 140 దగ్గరి సన్నటి పట్టీని మాత్రమే కోసేసే లోతైన నాచ్ ఫిల్టర్ లేకుండా తెరిస్తే మొదటి షాట్‌తోనే మిక్సర్ డయోడ్ పోతుంది. ఆ నాచ్ వెడల్పులో పైన చెప్పిన 200 మెగాహెర్ట్జ్ జారుడుకు కూడా చోటు ఉంచాలి. స్నిఫర్ ప్రోబ్‌లు మాత్రం ఈ చెదిరిన శక్తి కోసమే పెట్టినవి. పాత్ర చుట్టూ పలు చోట్ల ఉంటాయి. వాటి సంకేతం హద్దు దాటితే గైరోట్రాన్లు ఆగుతాయి. ఆ హద్దు ఎంత పెట్టాలన్నదే రోజూ జరిగే బేరం. మరీ కింద పెడితే ప్రతి వెలుగుడూ మధ్యలో ఆగుతుంది, మరీ పైన పెడితే ఏదో ఒక సీల్ మాడుతుంది.

అయాన్లకు అందనిది

పీల్చుడు నూటికి నూరు జరిగినా ఒక లోటు మిగులుతుంది. ఫ్యూజన్ జరగాల్సింది అయాన్ల మధ్య, అంటే ఎలక్ట్రాన్లు ఊడిన కేంద్రకాల మధ్య, మనం వేడి చేసింది ఎలక్ట్రాన్లను. ఎలక్ట్రాన్ నుంచి అయాన్‌కు శక్తి గుద్దులాటల ద్వారానే పోవాలి, ఎలక్ట్రాన్లు వేడెక్కిన కొద్దీ గుద్దులాట తగ్గుతుంది. అంటే ఎంత వేడిచేస్తే అంత పంచడం మానేస్తాయి. వెండెల్‌స్టైన్‌లో వాయువు నింపుతూ మైక్రోవేవ్‌తో మాత్రమే నడిపిన ప్లాస్మాల్లో అయాన్ల ఉష్ణోగ్రత 1.5 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్ చుట్టుపక్కలే ఆగిపోయింది, శక్తి పెంచినా కదల్లేదు. ఎలక్ట్రాన్లు మాత్రం అంతకు ఎన్నో రెట్లు పైన. గడ్డకట్టిన హైడ్రోజన్ గుళికలను లోపలికి కాల్చి నడుమ సాంద్రత పెంచాకే అయాన్లు దాదాపు రెట్టింపుకు ఎక్కాయి. సాంద్రత పెంచడం ఎందుకంత ముఖ్యమో, ఓ2 కోసం అంత అవస్థ ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది.

టోకమాక్‌ల దగ్గర ఈసీఆర్‌హెచ్‌కు వేరే కొలువు. గాంధీనగర్ ప్లాస్మా పరిశోధన సంస్థలోని ఎస్‌ఎస్‌టీ-1లో 42 గిగాహెర్ట్జ్ గైరోట్రాన్ ఉంది. 42ను 28తో భాగిస్తే 1.5 టెస్లాలు, ఆ యంత్రం నడిచే క్షేత్రం అదే, కాబట్టి మొదటి హార్మోనిక్. అక్కడి కాయిల్స్ సూపర్‌కండక్టర్లు, పాత్ర మందపాటి లోహం. అందువల్ల వాయువును చీల్చేంత లూప్ వోల్టేజ్ (పాత్ర చుట్టూ కరెంట్ పారించే వోల్టేజ్) ఒక్కసారిగా ఇవ్వడం కష్టం. మైక్రోవేవ్‌తో ముందే వెలిగించి పెడితే తక్కువ వోల్టేజ్‌తో కరెంట్ ఎక్కుతుంది. అనునాద పొర ఎక్కడుందో ఆ యంత్రం మీద లెక్కించడం తేలిక: ప్రధాన అర్ధవ్యాసం 1.1 మీటర్లు, క్షేత్రం కేంద్రం నుంచి దూరానికి విలోమంగా తగ్గుతుంది. కాయిల్ కరెంట్ 5 శాతం ఎక్కువ పెడితే పొర 5.5 సెంటీమీటర్లు బయటికి జరుగుతుంది. ప్లాస్మా చిన్న అర్ధవ్యాసం 20 సెంటీమీటర్లే, అంటే పావు వంతుకు పైగా పక్కకు.

ఐటర్‌లో అనునాద పొర ఇంకా ఆసక్తికరం. నడుమ క్షేత్రం 5.3 టెస్లాలు, అంటే 148 గిగాహెర్ట్జ్. కానీ గైరోట్రాన్లు 170. చల్లటి ఎలక్ట్రాన్ లెక్కలో పొర 6.07 టెస్లాల దగ్గర, నడుమ నుంచి దాదాపు 80 సెంటీమీటర్లు లోపలి వైపు. కిరణాన్ని ఏటవాలుగా పంపడం వల్ల ఎదురొచ్చే ఎలక్ట్రాన్లకు డాప్లర్ ప్రభావంతో పౌనఃపున్యం ఎక్కువగా తోస్తుంది, అందుకే శక్తి ఆ పొరకన్నా ముందే, ఇవతలే దిగుతుంది. ఏటవాలు పంపడానికి అసలు కారణం కరెంట్. ఒకవైపు పోయే ఎలక్ట్రాన్లకే శక్తి ఇస్తే ప్లాస్మాలో చిన్న కరెంట్ పుడుతుంది. క్షేత్ర రేఖలు తెగి ద్వీపాల్లా ముడిపడే చోట ఆ కరెంట్‌ను దించితే ద్వీపం కుదించుకుపోతుంది. కిరణం ద్వీపం కన్నా వెడల్పుగా ఉంటే ఆ మందు పనిచేయదు.

మొదటి రూపకల్పన ప్రకారం ఐటర్‌కు 24 గైరోట్రాన్లు: జపాన్ 8, రష్యా 8, ఐరోపా 6, భారత్ 2. గైరోట్రాన్ల దగ్గర 24 మెగావాట్లు పుడితే ప్లాస్మాకు చేరాల్సింది 20. మధ్యలో పోయే ఆ నాలుగు మెగావాట్లకూ, ఏ మూల దగ్గర ఎన్ని కిలోవాట్లో, ఏ నీటి పైపు దాన్ని మోయాలో ముందే రాసి పెట్టాల్సి ఉంటుంది.